తిల్లి తీసేశాక ఏ టీకా ముందు, ఏది వెనుక, జ్వరమొస్తే ఏం చేయాలి

నకిరేకల్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ప్రశ్న ఇది. అడిగినాయన అన్నకు 34 ఏళ్లు, గీత కార్మికుడు. మోకు జారి తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. ఎడమ పక్కటెముకలు విరిగి తిల్లి (ప్లీహం) చిట్లితే అదే రాత్రి ఆపరేషన్ చేసి తీసేశారు. ఇప్పటికి 20 రోజులు. డిశ్చార్జి కాగితంలో మందుల పేర్ల కింద 'వ్యాక్సినేషన్ అడ్వైజ్డ్' అని ఒక ముక్క మాత్రం ఉంది. ఏ టీకా, ఎప్పుడు, ఎన్ని అన్నది లేదు. పీహెచ్‌సీలో అడిగితే 'అవి పసిపిల్లలవి' అని ఏఎన్‌ఎం చెప్పింది. మెడికల్ షాపులో 'నిమోనియా సూది ఒకటుంది, వేసుకోండి' అన్నారట. వేయించాలా, వద్దా?

ముందు సూటిగా చెప్తాను. ఆపరేషన్ అయి 14 రోజులు దాటింది, ఇక ఆగే పని లేదు. ఈ వారంలోనే మొదలుపెట్టండి. మూడు బ్యాక్టీరియాల మీద టీకాలు పడాలి: నిమోనియా తెచ్చే న్యుమోకాకస్, మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) తెచ్చే మెనింగోకాకస్, హిబ్ (హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా బీ). వీటికి తోడు ఏటేటా ఫ్లూ టీకా. కాని షాపులోని ఆ 'నిమోనియా సూది' మాత్రం డబ్బా మీద పేరు చదవకుండా వేయించొద్దు. నిమోనియా పేరు మీద రెండు వేర్వేరు రకాల టీకాలు అమ్ముతారు. వరుస తప్పి రెండోది ముందు పడితే, అసలు ముందు పడాల్సిన దానికోసం మీ అన్న ఏడాది ఆగాలి.

తిల్లి చేసే పని తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. పుస్తకాల్లో ప్లీహం అంటారు, పెద్దవాళ్లు 'కడుపులో బల్ల పెరిగింది' అనేది దీని గురించే. ఎడమవైపు పక్కటెముకల చాటున పిడికిలంత ఉంటుంది. చెట్టు మీది నుంచి పడ్డా, ట్రాక్టర్ తిరగబడ్డా, ఎద్దు కుమ్మినా, ఆ పక్క దెబ్బ తగిలితే చిట్లేది తరచుగా ఇదే. తీసేశాక మనిషి మామూలుగానే తింటాడు, పని చేస్తాడు, కుట్లు మానాక ఒంట్లో ఏ లోటూ కనబడదు. అందుకే ఇంట్లోవాళ్లు టీకాల సంగతి మరిచిపోతారు.

రక్తం తిల్లిలోంచి పోయేటప్పుడు జల్లెడ పట్టినట్టు నెమ్మదిగా పోతుంది. ముసలివైపోయిన ఎర్ర కణాలూ, రక్తంలో చేరిన బ్యాక్టీరియా అక్కడే చిక్కుతాయి. పైన చెప్పిన మూడు బ్యాక్టీరియాలకూ ఒంటి చుట్టూ చక్కెర గొలుసులతో అల్లిన జారుడు కోటు ఉంటుంది. తెల్ల కణం పట్టుకోబోతే నూనె రాసుకున్న పహిల్వాన్‌లా జారిపోతాయి. ఆ కోటును గుర్తుపట్టి వెంటనే యాంటీబాడీ తయారుచేసే ప్రత్యేక కణాలు తిల్లి అంచుల్లోనే ఉంటాయి. యాంటీబాడీ అంటకపోయినా వాటిని పట్టగల జల్లెడ కూడా తిల్లే. తిల్లి పోతే ఈ రెండూ పోతాయి. కాలేయం కొంత పని అందుకుంటుంది కాని, యాంటీబాడీ బాగా అంటిన బ్యాక్టీరియానే అది పట్టగలదు. టీకా చేసేది ఆ ఏర్పాటే. బ్యాక్టీరియా రాకముందే యాంటీబాడీని రక్తంలో సిద్ధంగా ఉంచితే కాలేయానికి పట్టు దొరుకుతుంది.

ఆ పట్టు లేకపోతే ఏమవుతుందో వైద్యులకు 1952 నుంచీ తెలుసు. తిల్లి తీసేసిన పసిపిల్లల్లో తీవ్రమైన ఇన్ఫెక్షన్లు వస్తున్నాయని కింగ్, షూమాకర్ అనే అమెరికా సర్జన్లు ఆ ఏడాది రాశారు. ఉదయం చలి, ఒళ్లు నొప్పులు, వాంతి, రెండు విరేచనాలు, చూస్తే మామూలు వైరల్ జ్వరంలాగే ఉంటుంది. సాయంత్రానికో మర్నాటికో బీపీ పడిపోయి, ఒంటి మీద నల్లటి మచ్చలు తేలి, కిడ్నీలు ఆగిపోతాయి. వైద్యం అందినా సగం మంది దాకా చనిపోయే జబ్బు ఇది. మొదటి రెండు మూడేళ్లలో ప్రమాదం ఎక్కువ, కాని ఆ తర్వాత సున్నా అయిపోదు, 20 ఏళ్ల తర్వాత వచ్చినవాళ్లూ ఉన్నారు. దెబ్బ తగిలి తీసేసినవాళ్ల కంటే తలసీమియా వంటి రక్త జబ్బులకు తీసేసినవాళ్లకు ముప్పు ఎక్కువ, పెద్దవాళ్ల కంటే పిల్లలకు ఎక్కువ. మీ అన్నకు ఈ లెక్కన ముప్పు తక్కువే. తక్కువ ఉంది కదా అని టీకాలు మానేయడానికి మాత్రం లేదు.

ఇప్పుడు న్యుమోకాకస్. తిల్లి లేనివాళ్లలో ఇలాంటి కేసులకు ఎక్కువగా కారణం ఇదే, అందరూ తడబడేదీ ఇక్కడే. షాపులో దొరికే టీకాల్లో ఒకటి కాంజుగేట్ రకం, అంటే బ్యాక్టీరియా కోటులోని చక్కెరను ఒక ప్రొటీన్‌కు అతికించి చేసింది. పీసీవీ13, పీసీవీ20 ఇవే. రెండోది ఉత్త చక్కెర గొలుసులతో చేసింది, పీపీఎస్‌వీ23. బజారులో న్యుమోవ్యాక్స్ 23 అన్న పేరుతో వస్తుంది. ఉత్త చక్కెరకు శరీరం యాంటీబాడీ తయారుచేస్తుంది గాని జ్ఞాపకం పెట్టుకోదు. ప్రొటీన్ అతికిస్తే టీ కణాలనే తెల్ల కణాలు రంగంలోకి దిగుతాయి, జ్ఞాపకం నిలుస్తుంది. అందుకే ముందు పడాల్సింది కాంజుగేట్. ఉత్త చక్కెర టీకా ముందు పడితే ఆ తర్వాత ఇచ్చే కాంజుగేట్‌కు స్పందన మందగిస్తుంది. దుకాణదారు '23 రకాలకు పనిచేస్తుంది, 13 కంటే మంచిది' అంటాడు, వినడానికి బాగానే ఉంటుంది. నిజానికి రెండూ కావాలి, వరుసలో కావాలి.

పెద్దవాళ్లకు లెక్క ఇలా ఉంటుంది. ఇవాళ పీసీవీ13 ఒక డోసు. కనీసం 8 వారాల తర్వాత పీపీఎస్‌వీ23 మొదటి డోసు. దానికి 5 ఏళ్ల తర్వాత పీపీఎస్‌వీ23 రెండో డోసు. 65 ఏళ్లు దాటాక మరొకటి, అదీ ముందుదానికి 5 ఏళ్లు నిండితేనే. ఈమధ్య పెద్దవాళ్ల కోసం పీసీవీ20 కూడా మన దేశంలోకి వచ్చింది. అది దొరికి, ఖర్చు భరించగలిగితే ఒక్క డోసుతో న్యుమోకాకస్ పని అయిపోతుంది, పీపీఎస్‌వీ23 అక్కర్లేదు. మళ్లీ మళ్లీ పట్నం తిరగలేని మనిషికి నేనైతే దీన్నే చెప్తాను.

షాపువాళ్లు ఇప్పటికే సూది వేసేసి ఉంటే ఖాళీ సీసా, డబ్బా, బిల్లు ఏదో ఒకటి వెతికి పేరు పట్టుకోండి. పీసీవీ13 సిరంజిలో నిలకడగా ఉంటే అడుగున తెల్లగా పేరుకుంటుంది, ఊపితే పాలలా అవుతుంది. పీపీఎస్‌వీ23 నీళ్లలా తేటగా ఉంటుంది. వేసింది తేట మందే అని గుర్తుంటే అనుమానం దాని మీదే, కాని రంగు గుర్తు ఒక ఆసరా మాత్రమే, రుజువు డబ్బానే. పీపీఎస్‌వీ23 పడిపోయి ఉంటే కంగారు లేదు, రక్షణ ఎంతో కొంత వచ్చింది. కాంజుగేట్ మాత్రం ఏడాది తర్వాత వేయించుకోవాలి. పిల్లలకైతే ఆ ఎడం 8 వారాలు చాలు.

ఇంకో తప్పు కూడా చూస్తుంటాం. ఫ్లూ టీకాలాగే పీపీఎస్‌వీ23 కూడా ఏటా వేయించుకోవాలనుకుంటారు. వద్దు. 5 ఏళ్లు నిండకుండా మళ్లీ వేస్తే చేయి బాగా వాచి నొప్పి పెట్టవచ్చు, రక్షణా పెరగదు. జీవితం మొత్తంలో ఇది మూడుకు మించదు.

మెనింగోకాకస్‌కు ఏ, సీ, వై, డబ్ల్యూ అనే నాలుగు రకాలనూ కవర్ చేసే కాంజుగేట్ టీకా కావాలి. మామూలు మనిషికి ఒక డోసు సరిపోతుంది గాని తిల్లి లేనివాళ్లకు రెండు డోసులు, మధ్య కనీసం 8 వారాలు, ఆ తర్వాత ప్రతి 5 ఏళ్లకు ఒక బూస్టరు. మన దేశంలో పెద్ద ఎత్తున వ్యాపించినవి, 2005లో ఢిల్లీలో, 2008లో మేఘాలయలో వచ్చినవి, ఏ రకమే. ఇక్కడ ఒక చిన్న సంగతి పెద్ద నష్టం చేస్తుంది. ఈ టీకాల్లో మెన్వియో అనే బ్రాండు రెండు సీసాల ప్యాకింగ్‌లో వస్తే ఒక దాంట్లో పొడి, ఇంకో దాంట్లో ద్రవం ఉంటాయి. ఆ ద్రవం ఉత్త నీళ్లు కాదు, సీ, వై, డబ్ల్యూ మూడూ అందులోనే ఉంటాయి. ఏ రకం పొడిలో ఉంటుంది. ద్రవాన్ని పొడిలో కలిపి, తిప్పి కరిగించి, మొత్తం లాగి ఇవ్వాలి. కొత్త నర్సు ద్రవం సీసా నుంచే నేరుగా లాగి వేసేస్తే, మన దగ్గర పెద్ద వ్యాప్తులకు కారణమైన ఏ రకమే ఒంట్లోకి పోదు. వేసే ముందు రెండు సీసాలూ ఖాళీ అయ్యాయా అని చూడడానికి మొహమాటపడకండి.

మెనాక్ట్రా అనే ఇంకో బ్రాండు చేతికిస్తే మరో జాగ్రత్త. దాన్ని పీసీవీ13తో ఒకే రోజు వేయకూడదు. కలిపి వేస్తే న్యుమోకాకస్‌లో కొన్ని రకాలకు యాంటీబాడీ తగ్గుతుంది, తిల్లి లేనివాళ్లకు న్యుమోకాకస్ ముఖ్యం కాబట్టి ఆ నష్టం ఒప్పుకోలేం. పీసీవీ అయ్యాక కనీసం 4 వారాలు ఆగి వేయాలి. మెన్వియోకు ఈ అడ్డు లేదు, పీసీవీతో పాటే వేయవచ్చు. హజ్‌కు పోయేముందు మెనింజైటిస్ సూది వేయించుకున్న బంధువులను చూసి 'అదే ఇప్పించండి' అంటుంటారు. అందులో కాంజుగేట్ కాని పాత రకం కూడా ఉంది, డబ్బా మీద కాంజుగేట్ అన్న మాట ఉందో లేదో చూడండి. మెనింగోకాకస్‌లో బీ రకానికి వేరే టీకా ఉంది గాని మన షాపుల్లో మామూలుగా దొరకదు. విదేశీ చార్టుల్లో చూసి దానికోసం ఆగి మిగతావి ఆపొద్దు.

హిబ్ సులువు. 5 ఏళ్లు దాటి, ఎప్పుడూ హిబ్ టీకా పడనివాళ్లకు ఒక్క డోసు చాలు, బూస్టరు లేదు. పిల్లలకు వేసే పెంటావాలెంట్ అనే ఐదింటి కలగలుపు టీకాలో ఇది కలిసే ఉంటుంది, 6, 10, 14 వారాలకు వేస్తారు. మీ అన్న పుట్టినప్పుడు ప్రభుత్వ టీకాల్లో ఇది లేదు కాబట్టి వేయించాలి. విడి హిబ్ టీకా నల్లగొండ, మహబూబ్‌నగర్ షాపుల్లో అడగ్గానే దొరక్కపోవచ్చు, పిల్లల డాక్టర్ల క్లినిక్కులో అడగండి. దొరికేదాకా న్యుమోకాకస్‌ను మాత్రం ఆపకండి.

ఫ్లూ టీకా ఎందుకంటే, ఫ్లూ వచ్చి తగ్గుతున్న ఊపిరితిత్తుల్లోకి న్యుమోకాకస్ తేలిగ్గా దూరుతుంది. సూది రూపంలో ఉన్నదే వేయించాలి, ముక్కులో చల్లేది వద్దు. మన దగ్గర వానాకాలంలో ఫ్లూ పెరుగుతుంది, కాబట్టి మే, జూన్‌లో వేయించుకుంటే మంచిది. ఇంట్లోవాళ్లు కూడా వేయించుకుంటే ఇంకా నయం. టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఎలాగూ మన నీళ్లకు అవసరమే, ఒక డోసు వేయించండి.

'అవి పసిపిల్లలవి' అన్న ఏఎన్‌ఎం మాటలో తప్పు లేదు. పీహెచ్‌సీ ఫ్రిజ్‌లో పీసీవీ ఉంటుంది, కాని అది 6 వారాలు, 14 వారాలు, 9 నెలల పిల్లల లెక్కకు వచ్చింది. పెద్దవాళ్లు కొనుక్కోవాల్సిందే, ఒక్కో సూది వేలల్లోనే ఉంటుంది. డబ్బు ఒకేసారి సర్దుకోలేకపోతే ముందు పీసీవీ, తర్వాత మెనింగోకాకస్, ఆ తర్వాత హిబ్, ఈ వరుసలో పోండి. ఒక డోసు ఆలస్యమైతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు, ఆగిన చోటు నుంచే కొనసాగించండి. తక్కువ ఎడం పనికిరాదు, ఎక్కువ ఎడం పరవాలేదు.

పట్నం నుంచి కొని తెచ్చేవాళ్లకు ఒక మాట. ఈ టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండకు పాడవుతాయని అందరికీ తెలుసు, అందుకే షాపువాడు పాలిథిన్ కవర్లో ఐసు ముక్కలు పోసి, టీకా డబ్బా అందులో కుక్కి ఇస్తాడు. హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండులో బస్సెక్కి దేవరకొండ చేరేసరికి ఐసుకు ఆనుకున్న సిరంజి గడ్డకట్టి ఉండవచ్చు. గడ్డకట్టిన పీసీవీ పారబోయాల్సిందే. కరిగాక చూస్తే మామూలుగానే కనబడుతుంది, ఊపితే మాత్రం సన్నటి రవ్వలు తేలతాయి, సాఫీగా పాలలా కలవదు. కాబట్టి ఐసు ప్యాకు చుట్టూ గుడ్డో మందపాటి కాగితమో చుట్టి, టీకా డబ్బాను ఐసుకు తగలకుండా పెట్టించుకోండి. థర్మోఫ్లాస్కు కన్నా మూత బిగిసే చిన్న ఐస్ బాక్స్ నయం. ఇంటికి తెచ్చి ఫ్రిజ్ తలుపులో పెట్టొద్దు, ఫ్రీజర్‌లో అసలే పెట్టొద్దు, మధ్య అరలో పెట్టండి. ఇంకా మంచిది, టీకాలు వేసే క్లినిక్కుకు ముందే ఫోన్ చేసి తెప్పించి ఉంచమనడం.

డోసు ఒక్కోటి అర మిల్లీలీటరు, భుజం కండలో. పీసీవీ కండలోనే పడాలి, పీపీఎస్‌వీ23 కండలోనైనా చర్మం కిందనైనా వేయవచ్చు. పిర్రలో వద్దు, అక్కడ కొవ్వులో పడితే స్పందన సరిగ్గా రాదు. పీసీవీ సిరంజిని బాగా ఊపి, మొత్తం ఒకే తెలుపుగా కలిశాకే వేయాలి. ఒకే రోజు రెండు మూడు సూదులు పడవచ్చు, ఒకే చేతికైతే అంగుళం ఎడంతో. మీ అన్నకు ఎడమ పక్కటెముకలు ఇంకా నొప్పిగా ఉంటాయి కాబట్టి కుడి భుజానికి ముందు వేయించండి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్న మనిషైతే 23 గేజి లేదా అంతకన్నా సన్నని సూది వాడి, రెండు నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి, రుద్దకూడదు.

మీ అన్న విషయంలో ఆపరేషన్ అర్ధరాత్రి జరిగింది, ముందే టీకా వేసే వీలు లేదు. ముందుగా తేదీ ఖాయమైన ఆపరేషన్లలో, అంటే తలసీమియా, ఎర్ర కణాలు గుండ్రంగా మారే స్ఫెరోసైటోసిస్, ప్లేట్‌లెట్లు పడిపోయే ఐటీపీ వంటివాటిలో, కనీసం 2 వారాల ముందు టీకాలు పడాలి. 10 వారాల ముందే మొదలుపెడితే రెండో డోసులు కూడా తిల్లి ఉండగానే పూర్తవుతాయి. ఐటీపీకి రిటుక్సిమాబ్ అనే మందు ఇవ్వాలనుకుంటున్నట్టు తెలిస్తే టీకాలు దానికంటే ముందే, కనీసం 2 వారాల ముందు. ఆ మందు పడ్డాక 6 నెలల దాకా బీ కణాలే ఉండవు, యాంటీబాడీ తయారుచేసేవాళ్లు లేనప్పుడు టీకా దండగ.

అత్యవసర ఆపరేషన్ అయితే 14 రోజులు ఆగమంటారు, ఎందుకంటే పెద్ద గాయం, ఆపరేషన్ తర్వాత మొదటి వారం వేసినదానికంటే 14వ రోజు వేసినదానికి యాంటీబాడీ బాగా పనిచేస్తుంది. ఈ నియమం ఆసుపత్రి పక్కనే ఇల్లున్నవాళ్లకు సరిపోతుంది. అచ్చంపేట అవతలి తండా నుంచో గద్వాల పక్క పల్లె నుంచో వచ్చిన మనిషి డిశ్చార్జి అయ్యాక 14వ రోజు తిరిగి వస్తాడని ఎవరూ చెప్పలేరు. అలాంటివాళ్లకు డిశ్చార్జి రోజే పీసీవీ వేసి పంపడం మేలు. కొంచెం తక్కువ యాంటీబాడీ వచ్చినా, అసలు పడని టీకా కంటే నయం. సర్జన్ 'ఫిజీషియన్ చూసుకుంటాడు' అనుకుంటాడు, ఫిజీషియన్‌కు ఈ రోగి వచ్చిన సంగతే తెలియదు. 'వ్యాక్సినేషన్ అడ్వైజ్డ్' అన్న ముక్క ఇద్దరి మధ్యలోనే మిగిలిపోతుంది.

చిట్లిన తిల్లిని తీయకుండా కాపాడి ఉంటే, లేదా రక్తనాళం మూసి రక్తస్రావం ఆపి ఉంటే, తిల్లి పని సాధారణంగా నిలుస్తుంది, ఈ టీకాలన్నీ తప్పనిసరి కాదు. అందుకే డిశ్చార్జి కాగితంలో 'స్ప్లీనెక్టమీ' (తిల్లి తీసేయడం) అన్న మాట ఉందా అని చూడండి. దీనికి తలకిందులుగా, సికిల్ సెల్ జబ్బులో తిల్లి లోపలే ఉండి ఎండిపోతుంది, స్కానింగ్‌లో కనబడుతున్నా పని చేయదు. రక్తపు స్మియర్‌లో హోవెల్-జాలీ బాడీలు అని రాస్తే అర్థం అదే, వాళ్లకూ ఇవే టీకాలు.

ఇక జ్వరం. టీకాల కంటే ఈ పేరా ఇంట్లో అందరూ చదవాలి. పీసీవీ13 పేరు చెప్పినట్టే 13 రకాలకే, న్యుమోకాకస్ మొత్తం రకాలు వందకు పైనే. టీకాలన్నీ పడ్డా తిల్లి లేని మనిషికి జ్వరం అత్యవసరమే. థర్మామీటర్‌లో 100.4 దాటినా, లేక జ్వరం లేకపోయినా వణుకు పుట్టే చలి వచ్చినా, ఇంట్లో ఉన్న అమాక్సిసిలిన్-క్లావులనేట్ అనే యాంటీబయాటిక్ గోలీ వెంటనే మింగి బయలుదేరాలి. పెద్దవాళ్లకు ఇది 875, 125 కలిసిన, షాపువాళ్లు 1 గ్రాము అనే గోలీ. డాక్టరుతో చీటీ రాయించుకుని ముందే కొని పెట్టుకోండి, పెన్సిలిన్ పడదంటే వేరేది రాయించుకోండి. గోలీ మింగాక 'చూద్దాం, తెల్లారనీ' అని పడుకోవద్దు. ఆ గోలీ ఆసుపత్రి చేరేదాకా దారిలో ఆసరా మాత్రమే, వైద్యం కాదు. 108కి ఫోన్ చేసి, రాత్రీ పగలూ డాక్టరుండి రక్త పరీక్ష చేసి సెలైన్ ఎక్కించగల ఆసుపత్రికి పోవాలి.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఆగడమే అన్నిటికంటే చెడ్డది. జ్వరం సూదిలో స్టిరాయిడ్ కలిపి ఇస్తే గంటలో చెమట పట్టి జ్వరం దిగుతుంది, మనిషి లేచి కూర్చుంటాడు. లోపల బ్యాక్టీరియా పెరుగుతూనే ఉంటుంది, పోయేది మిగిలిన ఆ కొన్ని గంటలే. ఆసుపత్రిలో మొదటి మాటే 'తిల్లి తీసేశారు' అని చెప్పండి. కడుపు మీద కుట్ల మచ్చ చూసి అపెండిక్స్ ఆపరేషన్ అనుకునే అవకాశం ఉంది. రక్తం కల్చర్‌కు తీసి, ఫలితం కోసం ఆగకుండా నరంలోకి సెఫ్ట్రియాక్సోన్ 2 గ్రాములు, పరిస్థితి బట్టి వాంకోమైసిన్ కలిపి మొదలుపెడతారు. తీవ్రంగా ఉన్నప్పుడు మామూలు రక్తపు స్లైడు మీదే బ్యాక్టీరియా కనబడటం కద్దు, అంతగా నిండిపోతుంది. టీకా వేసిన రెండు రోజుల్లో కొద్దిగా వెచ్చబడటం సహజమే, కాని 100.4 దాటితే 'టీకా జ్వరమే' అని ఇంట్లో తేల్చేయొద్దు, డాక్టరుకు చూపించాకే ఆ మాట అనుకోవాలి.

కుక్క కాటు గురించి ఎవరూ చెప్పరు. కుక్క నోట్లో ఉండే క్యాప్నోసైటోఫాగా అనే బ్యాక్టీరియా మామూలు మనిషిని పెద్దగా ఏమీ చేయదు, తిల్లి లేనివాణ్ని రెండు మూడు రోజుల్లో షాక్‌లోకి పంపుతుంది. కరిచినా, పుండు మీద నాకినా, 15 నిమిషాలు సబ్బుతో కడిగి రేబిస్ టీకాకు పోవడం ఎలాగూ చేస్తారు. అదే రోజు అమాక్సిసిలిన్-క్లావులనేట్ కోర్సు కూడా కావాలని అక్కడ అడగండి, గాయం చిన్నదైనా సరే. నల్లమల వైపు పని మీద పోయి రాత్రుళ్లు ఉండాల్సి వస్తే దోమతెర తప్పనిసరి, మలేరియా కూడా వీళ్లకు ముదురుతుంది.

రోజూ వేసుకునే పెన్సిలిన్ గురించి. 5 ఏళ్ల లోపు పిల్లలకు ఇది తప్పదు, 3 ఏళ్ల దాకా 125 మిల్లీగ్రాముల పెన్సిలిన్ వీ రోజుకు రెండుసార్లు, ఆ తర్వాత 250 రెండుసార్లు. పెద్దవాళ్లకు ఆపరేషన్ తర్వాత ఏడాది నుంచి మూడేళ్ల దాకా ఇచ్చేవాళ్లున్నారు, ఎన్నాళ్లన్నదాని మీద డాక్టర్లలోనే తేడాలున్నాయి. పెన్సిలిన్ వీ చాలా షాపుల్లో దొరకదు, అప్పుడు అమాక్సిసిలిన్ రాస్తారు. మీ అన్నకు కావాలా అన్నది సర్జన్‌ను అడగండి. ఒక్కటి మాత్రం చెప్పగలను: నాలుగు రోజులు వేసి మూడు రోజులు మానేసేదైతే దానివల్ల లాభం తక్కువ. ఆ శ్రద్ధ చలిజ్వరం రాగానే బయలుదేరడం మీద పెట్టడం మేలు.

పని క్రమం ఇదీ. రేపు: పీసీవీ13 లేదా పీసీవీ20, హిబ్, మెన్వియో మొదటి డోసు, ఫ్లూ. మెనాక్ట్రా ఒక్కటే దొరికితే దాన్ని నాలుగు వారాల తర్వాతకు జరపండి, దాని రెండో డోసును అక్కడి నుంచి 8 వారాలకు లెక్కించండి. 8 వారాలకు: మెనింగోకాకస్ రెండోది, మొదట పీసీవీ13 పడి ఉంటే పీపీఎస్‌వీ23. 5 ఏళ్లకు మళ్లీ ఆ రెండూ. టీకా పేరు, బ్యాచ్ నంబరు, తేదీ ఒక అట్ట మీద రాయించి, దాని పైన 'తిల్లి లేదు, జ్వరం వస్తే వెంటనే యాంటీబయాటిక్' అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెద్దక్షరాలతో రాసి ఆధార్ కార్డు వెనకాల పెట్టించండి. ఫోన్‌లో ఫోటో కూడా ఉంచండి, కాని ఫోన్ లాక్ తీయలేని స్థితిలో మనిషి ఉంటే జేబులో అట్టే పనికొస్తుంది. చెట్టెక్కేటప్పుడు కూడా అది జేబులో ఉండాలి.

ఇంట్లో పెట్టే గోలీల డబ్బా మీద 'అన్నవి, ముట్టొద్దు' అని రాయండి, ఆరు నెలలకోసారి గడువు తేదీ చూసి మార్చండి. పంటి నొప్పికో గొంతు నొప్పికో ఎవరో ఒకరు రెండు గోలీలు వాడేస్తారు, ఆ సంగతి తెలిసేది మీ అన్న చలితో వణుకుతూ డబ్బా తెరిచిన రాత్రే.